పెదవి తగలని కథ

రోచెస్టర్, న్యూయార్క్
జనవరి

అత్తా,

నీ మెసేజ్ చేరింది. "ఫోన్ చేయకు. వీడియో అసలే వద్దు. చెప్పాలనిపిస్తే ఉత్తరం రాయి." అంతే ఉంది. ఇంత పొట్టిగా నువ్వెప్పుడూ మాట్లాడలేదు. విజయవాడ రేడియోలో నాటకాలు చదివిన మనిషివి, పెరుగు తోడేయడం ఎలాగని అడిగినా మూడు గొంతులు మార్చి చెప్పేదానివి. సరే, పోస్టాఫీసుకి వెళ్ళి స్టాంపులు కొన్నాను. కౌంటర్లో ఆవిడ జెండా బొమ్మ కావాలా, పక్షి బొమ్మ కావాలా అని అడిగింది. నీకు పక్షి.

నామీద కోపమైతే ఆ మాట చెప్పేయ్. సన్నీవేల్‌లో మంచి ఉద్యోగం మానేసి, మంచులోకి వచ్చి పాత సినిమాలు తుడవడమేమిటని నాన్న గుంటూరు నుంచి ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాడు. అక్కడ నా పనేమిటో తెలుసా? ఫోన్ యాప్‌లో ఒక బటన్ ఎంత ఆకుపచ్చగా ఉండాలో తేల్చే టీమ్‌లో ఉండటం. పొద్దున్నే బస్సు నిండా మనుషులం ఎక్కేవాళ్ళం, ఒక్కరూ కిటికీలోంచి చూసేవాళ్ళు కాదు. ఒకరోజు చూశాను. రోడ్డు పక్కన ఒక పెద్దాయన ఊడిన సైకిల్ చెయిన్ ఎక్కిస్తున్నాడు. ఎక్కడం, మళ్ళీ ఊడటం. మూడోసారి ఎక్కించేలోపు బస్సు కదిలిపోయింది. ఆయన ఎక్కించాడో లేదో తెలియక ఆ రోజంతా మీటింగుల్లో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆ నెలాఖరుకే మానేశాను. ఇది నాన్నకు కారణంలా కనిపించదు. నీకు కనిపిస్తుందనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడి ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఏడాది ట్రైనీని. నా టేబుల్ మీదకు ఒక రేకు డబ్బా వచ్చింది. టొరీనో నగరంలో వందేళ్ళ కిందటెప్పుడో తీసిన ఇటాలియన్ మూకీ కామెడీ, పావుగంట నిడివి. తీసినవాడు ఆర్నాల్దో తెస్సారి. హాస్యగాడి పేరు బెప్పినో. కథ చిన్నదే: బెప్పినో చుట్టాలింట పెళ్ళి విందుకి బయల్దేరతాడు, కానుకగా నిలువెత్తు గడియారాన్ని వీపున కట్టుకుని.

చిక్కల్లా డబ్బాలో ముక్కలు కథ వరసలో లేకపోవడం. అప్పట్లో నలుపు తెలుపు ఫిల్మునే రంగుల తొట్లలో ముంచేవాళ్ళు. వీధి సీన్లకు పసుపు, ఇంట్లోవాటికి గులాబి, నీళ్ళ దగ్గరివాటికి నీలం. ఒకేసారి ముంచడానికి వీలుగా పసుపువన్నీ ఒకచోట, గులాబివన్నీ ఒకచోట, నీలంవి చివర కలిపి చుట్టేవాళ్ళు. ఏ ముక్క తరవాత ఏ ముక్కో ఇప్పుడు నేను తేల్చాలి. సీన్ల మధ్య తెరమీద చూపే మాటల అట్టలు ఒక్కటీ మిగల్లేదు.

కోపం కాదని ఒక్క లైను రాయి.

నీ
వల్లి

*

కాపెల్, టెక్సస్
జనవరి చివర

వల్లీ,

కోపం కాదు. నా నోరు పడిపోయింది.

కంగారుపడకు, కూర్చుని చదువు. డిసెంబరు ఆఖర్లో ఒక పొద్దున పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే సగం ముఖం నాది, సగం ఎవరిదో. మా ఉదయ్ నన్ను కారెక్కించుకుని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసిన తీరు చూసి, పక్షవాతం నాకా వాడికా అనుకున్నాను. పక్షవాతం కాదట. ముఖానికి వెళ్ళే నరం ఒకటి వాచిందట. బెల్స్ పాల్సీ. చూశావా, జబ్బు పేరే నేను పలకలేనిది. బ ఒకటి, ప ఒకటి. పెదవులు రెండూ కలిస్తేగాని పుట్టని అక్షరాలు. నేను ప అంటే గాలి పోతోంది, మ అంటే ముక్కులో ఏదో మూలుగుతోంది. రాత్రిపూట ఎడమ కన్ను మూతపడదు, టేపు వేసుకుని పడుకుంటున్నాను.

ఎక్కువమందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుందని డాక్టరు చెప్పింది. కొందరికి పూర్తిగా రాదని కూడా చెప్పింది, నేను అడిగితే. అడగకుండా ఉండాల్సింది.

మీ నాన్నకు చెప్పకు. చెబితే వాడు విమానం ఎక్కేస్తాడు, వాణ్ణి ఓదార్చే పని నాకు పడుతుంది. నీకు మాత్రం ఎందుకు చెప్పానంటే నా గొంతు పట్టుకుని తెలుగు నేర్చుకున్నది నువ్వొక్కదానివే. న్యూజెర్సీలో ఐసెలిన్ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లవి గుంటూరు వచ్చినప్పుడు నీకు ళ పలికేది కాదు. నేను నోరు తెరిచి నాలుక చూపించి పలికించాను. ఆ నోరు ఇలా అయిందని నీకు వినిపించడం నా వల్ల కాలేదు.

వల్లీ, ముఖం సంగతి నేను సర్దుకోగలను. రేడియోలో నా ముఖం ఎవరు చూశారు. మాట రాకపోతే మాత్రం నేను ఎవరినో నాకు తెలియదు.

ఇంట్లో అందరూ నాతో చాలా మెత్తగా ఉంటున్నారు. నేనేమన్నా ఉదయ్ సరే అంటున్నాడు. కోడలు అదితి నెమ్మదిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఆద్య ఒక్కతే మామూలుగా ఉంది. "నానమ్మా, డూ ద క్రుకెడ్ వన్" అని ఆ వంకర నవ్వు నవ్వమంటుంది. దానికి ఏడేళ్ళు, దానికి అది ఆట.

నీ డబ్బా సంగతి రాస్తూ ఉండు.

అత్త

*

రోచెస్టర్
ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం ఆర్కైవ్ మెట్ల మీద కూర్చుని చదివాను. చదివాక లోపలికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. నాన్నకు చెప్పను. ఓదార్పులూ రాయను, నువ్వు వాటిలో తప్పులు పడతావు.

తెస్సారి సంగతి రాస్తాను. నీకు పనికొస్తుందని కాదు, నాకు ఇంకేం రాయాలో తెలియక.

ఈయన కెమెరాని కదపడు. వీధికి అవతలి అరుగు మీద కూర్చున్నవాళ్ళు చూసినట్టు దూరంగా పెట్టి వదిలేస్తాడు. మనిషి తల నుంచి కాలి దాకా కనిపిస్తాడు. ముఖం దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళడు. అది ఆ కాలంలో చాలామంది పద్ధతే అనుకో. కానీ ఈయన ఇంకో అడుగు వేశాడు. అన్నిటికంటే నవ్వొచ్చే క్షణానికి సరిగ్గా బెప్పినో మనకు వీపు తిప్పుతాడు. గడియారం, దాని కింద రెండు కాళ్ళు, అంతే కనిపిస్తుంది. సిగ్గుపడ్డాడనీ, కోపం వచ్చిందనీ, ఆకలేస్తోందనీ ఆ మోకాళ్ళు చూసే తెలుసుకోవాలి. తెలుస్తుంది కూడా.

ఇంకోటి, ప్రతి సీన్లోనూ ఒక మూల ఎవరో ఒకరు తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. వీధిలో ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటుంది. గడియారం తగిలి బండి బోల్తాపడుతుంది, పోలీసు టోపీ ఎగురుతుంది, ఆవిడ మాత్రం కాయలు ఒలుస్తూనే ఉంటుంది. నేను స్కాన్ చేస్తూ బండిని వదిలేసి ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. మా సూపర్‌వైజర్ మార్జొరీ వెనకనుంచి వచ్చి, "అందరూ చివరికి ఆవిడ దగ్గరికే చేరతారు" అంది.

నేను వరస పెట్టిన కాపీ లింకు ఉదయ్ బావకి పంపుతున్నాను. ఇది ఎవరి హక్కుల్లోనూ లేదు, పంపొచ్చని మార్జొరీ చెప్పింది. చూడాలని లేకపోతే చూడకు.

వల్లి

*

కాపెల్
ఫిబ్రవరి చివర

వల్లీ,

చూశాను. మొదట అందరితో కలిసి చూద్దామని ఉదయ్ టీవీలో పెట్టాడు. బొమ్మ పడకముందే లేచి గదిలోకి వెళ్ళిపోయాను. కామెడీ అంటే పళ్ళికిలింపులూ కనుబొమలూ ఉంటాయని భయం. నేనిప్పుడు నవ్వితే కుడి పక్క నవ్వుతుంది, ఎడమ పక్క ఊరుకుంటుంది. చూసేవాళ్ళకు వెక్కిరించినట్టుంటుంది. హాల్లోంచి ఆద్య పకపకలు వినిపిస్తుంటే తలుపేసుకుని కూర్చున్నాను, పండక్కి ముట్టయినదానిలాగా.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకున్నాను. నువ్వు రాసింది నిజమే, ముఖమే లేదు. వాడు గడియారం మోస్తూ తిరిగిన మూడోసారి నేను నవ్వాను. ఎలా నవ్వానో నాకు తెలియదు, ఎదురుగా అద్దం లేదు. కన్ను తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టాను. నా ముఖం నాకు గుర్తురాకుండా గడిచిన మొదటి పూట అది.

థెరపిస్టు చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తున్నాను. బుగ్గలు ఉబ్బించడం, ఈల వేయడం, కనుబొమలెత్తడం. ఆద్య పక్కన కూర్చుని తనూ చేస్తుంది. బుగ్గల్లో గాలి నాకు నిలవదు. దానికి ముందు పన్ను ఊడింది, దానికీ నిలవదు.

నిన్న మల్లయ్యగారు ఫోన్ చేశాడు. కరీంనగర్ ఆయన, కూతురింటికి వచ్చాడు. మాలాంటి విజిటింగ్ అమ్మానాన్నలం శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో చేరతాం, నువ్వు ఒకసారి చూశావు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉదయ్ చేత మాట్లాడించాను. "ఏంది తమ్మీ, అక్క కనిపిస్తలేదు. ఆమె లేకుంటే మాకు మైకు ఇచ్చినా ఒక్కడు మాట్లాడ్తలేడు. అందరం సమోసాలు తిని ఇంటికి వోతున్నం" అన్నాడు. జలుబని చెప్పించాను. "రెండు నెల్ల సంది జలుబా" అన్నాడు.

అత్త

*

రోచెస్టర్
మార్చి

అత్తా,

ఒక పిచ్చి ఆలోచన. పూర్తిగా చదివాకే చించెయ్.

మాటల అట్టలు పోయాయని రాశానుగా. అసలు ఆ రోజుల్లో అట్టలుంటే మాత్రం చదివేవాళ్ళెంతమంది? తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. ఇటలీలోనూ అంతే, మన ఊళ్ళ డేరాల్లోనూ అంతే. దీపాలు ఆర్పేశాక ఆ మనిషి ఎవరికీ కనపడడు, గొంతొక్కటే ఉంటుంది. అందరూ తెర వైపే చూస్తారు.

మీ శనివారం గదిలో ఈ సినిమా వేస్తే? ఇంగ్లీషు ఒక్క ముక్క అక్కర్లేదు. తెలుగులో నువ్వు చెప్పు.

మాట సరిగ్గా రాదంటావని తెలుసు. వచ్చినంతే చెప్పు.

వల్లి

*

కాపెల్
మార్చి మధ్య

శ్రీవల్లికి,

వచ్చినంతే చెప్పడమంటే ఏమిటి? నీకు తెలుసా నువ్వేం అడుగుతున్నావో? హాస్యగాడి పేరు బెప్పినో. తలమీద టోపీ. వెళ్ళేది పెళ్ళికి. చేసే పని పడటం. ఒక్కో మాటా నా మూతి మీద కొట్టినట్టుంది. ఆ లైబ్రరీ గదికి వెళ్ళి, అక్కడికొచ్చే సీతమ్మగారి ముందు "హెఫ్ఫినో" అనమంటావా. మైకు దగ్గర నిలబడితే నేను తప్పు పలకడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇంక ఈ ఊసెత్తకు.

(వారం తరవాత)

పై పేజీ పోస్టులో వేయలేదు. ఆద్యని స్కూల్‌కి పంపి కవరు చేతిలో పట్టుకుని నిలబడితే ఒక సంగతి తోచింది.

మన పాత కవులకు ఒక సరదా ఉండేది, నిరోష్ఠ్యం అని. పెదవి పెదవికి తగలకుండా కావ్యం మొత్తం నడపడం. ప లేదు, బ లేదు, మ లేదు, వాటి ఒత్తులూ లేవు. చదువుకునే రోజుల్లో మాకది వట్టి గారడీ అనిపించేది, ఇంత తెలుగు ఉండగా ఈ చేతులు కట్టుకోవడమెందుకని. వాళ్ళు సరదాకి చేశారు. నాకు అవసరమొచ్చింది. కూర్చుని రాశాను. వ కూడా నాకు నమ్మకం లేదు, అదీ తీసేశాను.

బెప్పినోకి చెంగయ్య అని పేరు పెట్టాను. మొదలు ఇలా:

"చూడండి, ఇతడు చెంగయ్య. చుట్టాలింట్లో కళ్యాణానికి కదిలాడు. ఎత్తుకున్నది తనంతటి గడియారాన్ని. ఇటు తిరిగితే అటు ఒకరిని తన్నుతుంది, అటు తిరిగితే ఇటు ఇద్దరిని. ఎందుకు తన్నిందో గడియారానికే తెలియదు, ఇక చెంగయ్యకెలా తెలుస్తుంది."

స్నానాల గదిలో గొంతెత్తి చదివాను. వల్లీ, శుభ్రంగా వచ్చింది. ఒక్కచోట కూడా గాలి పోలేదు. నా గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. అదితి తలుపు కొట్టింది.

చివర్లో వాడు కాలవలో పడతాడు గదా, పడ్డాడు అని రాయలేక "నీళ్ళలో చేరాడు" అని రాశాను. చదివి చూస్తే అదే ఎక్కువ నవ్వొచ్చింది. ఇంకో చిత్రం, పడ్డాడు అనడానికి పెదవులు కావాలి. లేచాడు అనడానికి అక్కర్లేదు.

ఒక అనుమానం. సీను సీనుకీ మాట రాస్తుంటే ఒకచోట ఆగిపోయాను. విందులో వాడు గడియారాన్ని బల్లమీద పెడతాడు గదా, దానిలోంచి బల్లగుడ్డ మీదకు నీళ్ళు కారుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుని ఉంది. కాలవలో పడేది చివర కదా, అప్పుడే ఎలా తడిశాడు? ఇల్లు కారుతోందా? ఏమని చెప్పను?

అత్త

*

రోచెస్టర్
ఏప్రిల్ మొదటి వారం

అత్తా,

ఇల్లు కారడం లేదు. నా బుర్రే కారింది.

నీ ఉత్తరం చదివి కోటు కూడా విప్పకుండా స్కానర్ ముందు కూర్చున్నాను. నీళ్ళే. నెలల తరబడి చూశాను, ఆ మరకలు ఫిల్ము పాడై వచ్చినవనుకున్నాను. వాటిని శుభ్రం చేద్దామని కూడా మొదలుపెట్టాను, దేవుడి దయవల్ల పూర్తి చేయలేదు. డబ్బాలో నీలం ముక్కలు చివర ఉన్నాయి, పైగా ఇలాంటి కామెడీలు ఎన్నో అందరూ నీళ్ళలో పడటంతోనే ముగుస్తాయి. ఆ రెండూ కలిపి నేను కాలవని చివర పెట్టేశాను. రంగు తొట్టి కోసం చుట్టిన వరసని కథ వరస అనుకోకూడదని మొదటిరోజే నాకు నేర్పారు. అయినా అదే చేశాను.

మార్జొరీకి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "నువ్వెప్పుడు చూస్తావా అని ఫిబ్రవరి నుంచి ఎదురుచూస్తున్నాను" అంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఈ ఒక్క సినిమా మాత్రమే సరిగా వచ్చేది" అంది. అలా అని పని మళ్ళీ నాకే ఇచ్చి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతుందనుకుంటూ అరగంటసేపు బ్యాగ్ సర్దుకున్నదాన్ని, మళ్ళీ అన్నీ తీసి బల్లమీద పెట్టుకున్నాను.

ఇప్పుడు వరస మార్చాక తెస్సారి నాకు వేరే మనిషిలా కనిపిస్తున్నాడు. కథ సగంలోనే బెప్పినో కాలవలో పడతాడు. వేరేవాళ్ళయితే అక్కడ ఆపేస్తారు, జనం నవ్వుతుండగా. ఈయన ఆపడు. నీళ్ళు కుదుటపడేదాకా కెమెరా అలాగే ఉంటుంది. చిక్కుడుకాయల ఆవిడ ఇంకో నాలుగు కాయలు ఒలుస్తుంది. అప్పుడు ఒక చెయ్యి, తరవాత టోపీ, తరవాత గడియారం. లేచి, ఒళ్ళు దులుపుకుని, అలాగే విందుకి వెళ్తాడు. తడి బట్టలతోనే అందరి మధ్యా కూర్చుంటాడు. ఏమైందని ఎవరూ అడగరు. మనకు వీపు తిప్పి సూప్ తాగుతాడు. వీపంతా తడి. అదే ఆఖరి సీను. నేను మూడు నెలలు దాన్ని మధ్యలో పడేసి ఉంచాను.

సరిచేసిన కాపీ పంపాను. నీ మాటల్లో కాలవ ముక్కని ముందుకి జరుపుకో.

వెళ్తావా, శనివారం?

వల్లి

*

కాపెల్
మే

వల్లీ,

వెళ్ళాను. ముందు అది చెప్పేస్తున్నాను, నువ్వు పేజీలు తిప్పుకుంటూ వెతక్కుండా.

కారెక్కేదాకా వెళ్తానని నాకే నమ్మకం లేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను, పైటకొంగు బుగ్గకు ఆనించాను. తెర పక్కన మూలకు కుర్చీ వేయించుకుని, "దీపాలు ఆర్పేదాకా నన్ను పలకరించకండి" అని ఉదయ్ చేత చెప్పించాను. వాళ్ళు నాకేదో వ్రతం అనుకున్నారట.

దీపాలు ఆరాయి. మొదటి వాక్యం నెమ్మదిగా చెప్పాను. రెండో వాక్యానికి వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వింది గడియారం చూసి కాదు, నా మాటకి. ఆ తేడా రేడియో స్టూడియోలో తెలిసేది కాదు, అక్కడ అద్దం అవతల ఇంజనీరు ఒక్కడే ఉండేవాడు. అక్కణ్ణించి నేను ఆగలేదు. "నీళ్ళలో చేరాడు" అనగానే మల్లయ్యగారు కుర్చీ చేతిమీద కొడుతూ, "వీడు మా ఊరోడే, వీణ్ని నేను ఎరుగుదు" అన్నాడు. నీళ్ళు కుదుటపడుతున్నంతసేపూ నేనేమీ చెప్పలేదు. రాసుకున్నది ఉంది, చెప్పలేదు. టోపీ తేలాక "లేచాడు" అన్నాను. అంతే. సీతమ్మగారు హమ్మయ్య అనడం నా చెవులకు వినిపించింది.

ఆఖరి సీను చెబుతూ నిలబడ్డాను, అలవాటు. అద్దాలు ఎప్పుడు తీసేశానో తెలియదు. ఎవరో లైటు వేశారు. నేను అందరికీ ఎదురుగా, ఉన్న ముఖంతో ఉన్నాను.

సినిమాలో ఎవరూ అడగలేదు. ఇక్కడ అందరూ అడిగారు. ఒకేసారి. ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది, ఆముదం రాశావా, ఏసీకి ఎదురుగా పడుకున్నావా. ఒకావిడ నా బుగ్గ పట్టుకుని ఎలా రుద్దాలో అక్కడికక్కడే చూపించింది. మల్లయ్యగారు, "గిదా నీ జలుబు" అన్నాడు. నెలల తరబడి నేను దేనికి దాక్కున్నానో ఆ గోలలో నాకు గుర్తురాలేదు. సమోసా ఇచ్చారు. సగం పక్కకు రాలింది. ఒకరు టిష్యూ ఇచ్చి వాళ్ళ మాటల్లో వాళ్ళు పడ్డారు.

తరవాత వరసగా రెండు శనివారాలు అదే సినిమా వేయమన్నారు. వేశాం. నేను ప్రతిసారీ మాటలు కొంచెం మార్చాను, పెదవి మాత్రం తగలనివ్వలేదు. ఆ పట్టు వదిలితే ఏమవుతుందోనని భయం. ఇంట్లో కూడా నాకు తెలియకుండానే అలాగే మాట్లాడటం మొదలుపెట్టానట. నీళ్ళు కావాలి అనడానికి బదులు "దాహాలు" అన్నానని (దాహం అంటే చివర పెదవులు కలవాలిగా) అదితి చెప్పింది.

ఇక నిన్నటి సంగతి. ఈ ఉత్తరం అసలు దానికోసమే.

పప్పుచారుకని పొద్దున్నే చింతపండు నానబెట్టాను. చిక్కగా పిసికి, పిప్పి తీసి, గిన్నె సింకు పక్కన పెట్టి కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి ఉదయ్ చేతులు తుడుచుకుంటున్నాడు. గిన్నె మెరిసిపోతోంది. "అమ్మా, మురికినీళ్ళు పారబోసి గిన్నె కడిగేశాను, నువ్వు శ్రమపడకు" అన్నాడు, ఆ మెత్తటి గొంతుతో.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధి ఉందా నీకు? పులుసుకీ మురికికీ తేడా తెలియని మొద్దుకి ఈ ప్రపంచంలో పెద్ద ఉద్యోగం ఎవడిచ్చాడు? పొద్దుటినుంచి పిసికి పెడితే, పనికిమాలినవాడా, పారబోసేముందు మనిషిని అడగాలని లేదా? ఇప్పుడు పప్పుచారు నీ బుర్రతో పెట్టనా?"

వాడు తువ్వాలు అలాగే పట్టుకుని నా మూతి వైపు చూస్తున్నాడు. ఇంకా కోపం వచ్చింది. "ఏం చూస్తున్నావు బొమ్మలాగా" అన్నాను. అప్పుడు వాడు స్టవ్ పక్కన నేలమీద కూర్చుండిపోయాడు, ఇంత పొడుగు మనిషి. "అమ్మా, ఇంకొంచెం తిట్టు" అన్నాడు.

అప్పుడు వినపడింది నాకు. బుద్ధి. పులుసు. మొద్దు. పప్పుచారు. ఒక్కదాంట్లోనూ గాలి పోలేదు.

అదితి పరుగెత్తుకొచ్చింది, ఏమైందని. వాడు ఏడుస్తూ, "అమ్మ నన్ను పనికిమాలినవాడా అంది" అని చెప్పాడు. ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె కూడా నా ముందు నిలబడి, "అత్తయ్యా, నన్ను కూడా ఒకటి అనండి" అంది. ఆమెనేమంటాను, తను ఏ తప్పూ చేయలేదు. మొహమాటంగా "నీకు ఉప్పు వేయడం రాదు" అన్నాను. చాలా సంతోషించింది.

పూర్తిగా తగ్గలేదు. నవ్వితే ఎడమ మూల ఇంకా ఒక క్షణం ఆలస్యంగా బయల్దేరుతుంది. కన్ను మాత్రం రాత్రి దానంతటదే మూసుకుంటోంది. ఆ మూల ఆలస్యం ఉండిపోవచ్చని డాక్టరు ఇవాళ చెప్పింది. ఉండనీ అన్నాను. మీ నాన్నకు నేనే ఫోన్ చేసి చెప్పాను. పావుగంటసేపు అరిచాడు, నేను అరగంటసేపు అరిచాను.

నిన్న మధ్యాహ్నం చింతపండు ఇంకో పలుకు కూడా లేదు. పులుపు లేని పప్పుచారు చప్పగా, నీళ్ళలాగా ఉంది. అందరూ రెండేసి గిన్నెలు తాగారు. ఒక్కరూ వంక పెట్టలేదు.

అత్త